ఘాటుంది, బోటుంది... షాబందర్ ఏడీ?

పడవ మునిగిన ప్రతిసారీ మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "తక్దీర్". రెండోది "డ్రైవర్ తప్పు". మొదటి మాటతో మనం చల్లబడతాం, రెండో మాటతో హుకూమత్ చల్లబడుతుంది. సరంగును పట్టుకుంటారు, ఓనర్‌ను పట్టుకుంటారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, కమిటీ వేస్తారు, కొన్నాళ్లు బోట్లు ఆపుతారు. తర్వాత మళ్లీ అదే ఘాటు, అదే జెట్టీ, అదే టికెట్ కౌంటర్.

భాయియో, బెహనో! నేను ఈ రెండు మాటల్నీ ఒప్పుకోను. ఘాటు మీద పొద్దున్నుంచి మగ్రిబ్ దాకా నిలబడి, "ఈ బోటు కదలదు" అని చెప్పగలిగే జిమ్మేదార్ మనిషి లేకపోవడమే ఈ చావులకు కారణం. లైసెన్సు ఇచ్చే దఫ్తర్ ఎక్కడో దూరంగా ఉంటుంది. టికెట్ చింపే కుర్రాడు గేటు దగ్గర ఉంటాడు. ఈ ఇద్దరి మధ్యలో ఉండాల్సిన మనిషి కుర్చీ ఖాళీ. ఆ ఖాళీలోనే మన పిల్లలు పడిపోతున్నారు.

ఆ కుర్చీకి పేరు కొత్తగా వెతకక్కర్లేదు. ఒకప్పుడు మన దగ్గరే ఉండేది. షాబందర్. బందర్ అంటే ఫార్సీలో రేవు. మచిలీపట్నాన్ని అందరూ బందరు అనే అంటారు. బందరు లడ్డు తింటాం, ఆ మాట ఎక్కడిదో మర్చిపోయాం. కుతుబ్‌షాహీల కాలంలో ఆ రేవులో షాబందర్ ఉండేవాడు. గల్ఫ్ రేవుల నుంచి మలక్కా దాకా ఈ ఓహ్దా తెలియని వ్యాపారి లేడు. మలక్కా సుల్తానుల రేవులోనైతే నలుగురు షాబందర్లు ఉండేవాళ్లు. ఏ జహాజ్ వచ్చింది, దాంట్లో ఏముంది, సుంకం ఎంత, సౌదాగర్ల మధ్య ఝగడా వస్తే ఫైసలా ఎవరు చెయ్యాలి, అన్నీ అతని పనే. రేవులో ఏం జరిగినా "నాకు తెలియదు" అనే వీలు అతనికి లేదు.

పడవ మీద మాటలు కూడా చూడండి. పడవ నడిపేవాణ్ని తెలుగులో సరంగు అంటాం, అది ఫార్సీ సర్‌హంగ్. తాడు కట్టేవాడు ఖలాసీ. కాలువ లాకుల దగ్గర నీళ్లు కాసేవాడు లస్కరు, అది లష్కర్ నుంచి వచ్చింది. సరంగు మిగిలాడు, ఖలాసీ మిగిలాడు, లస్కరు కూడా అక్కడక్కడ మిగిలాడు. వీళ్లందరి మీదా ఉండాల్సిన షాబందర్ ఒక్కడే మాయమయ్యాడు. జబాన్ నుంచీ పోయాడు, ఘాటు నుంచీ పోయాడు.

అతను లేనందుకు మనం ఏం ఇచ్చుకున్నామో ఒకసారి హిసాబ్ వేద్దాం.

2017 నవంబరు 12. కృష్ణా నది, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం. కార్తీక మాసం రద్దీ. అనుమతి లేని ప్రైవేటు బోటులో జనాన్ని ఎక్కించుకుని బయల్దేరారు. 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. అనుమతి లేని బోటు పట్టపగలు జనం ముందే ఎలా కదిలింది? దాన్ని ఆపడం ఎవరి డ్యూటీ?

2019 సెప్టెంబరు 15. గోదావరి, కచ్చులూరు. నది వరద మీద ఉంది. పాపికొండలు చూడ్డానికి 70 మందికి పైగా జనంతో రాయల్ వశిష్ట బోటు పోయింది. 50 మంది దాకా తిరిగి రాలేదు. ఆ బోటును నది అడుగు నుంచి పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. తీసింది కూడా కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. అంత వరదలో బోటు వదలొద్దని చెప్పడానికి పెద్ద ఇల్మ్ ఏమీ అక్కర్లేదు. రేవులో తాడు మీద చెయ్యి వేసి "ఈ రోజు లేదు" అనే మనిషి ఒకడుంటే చాలు.

2023 మే 7. కేరళ, మలప్పురం జిల్లా తానూర్. సాయంత్రం చీకటి పడ్డాక, ఎక్కించాల్సిన దానికంటే ఎక్కువ మందితో బోటు బయల్దేరింది. అది చేపల పడవను మార్చి టూరిస్టు బోటుగా చేసింది. 22 మంది పోయారు, అందులో 15 మంది పిల్లలు. ఒకే ఖాందాన్‌లో 11 మంది. సెలవుల్లో పిల్లల్ని సరదాగా తిప్పుదామని వచ్చిన మనలాంటి మామూలు ముస్లిం కుటుంబాలే. ఒకే ఖాందాన్ ఇన్ని జనాజాలు మోసిన రోజు అది. ఆ కేసులో ఓనర్‌తో ఆగకుండా పోర్టు అధికారులను కూడా అరెస్టు చేశారు. మంచిదే. అయితే అరెస్టు చావు తర్వాతి పని. నిగ్రానీ చావుకు ముందు పని.

ఇప్పుడు ఈ మూడు తారీఖులూ క్యాలెండర్‌లో చూడండి. మూడూ ఆదివారాలే.

ఆదివారం నాడు ఘాటు నిండుతుంది, దఫ్తర్ మూతపడుతుంది. జనం ఎక్కువ వచ్చే రోజే సాబ్‌కు ఛుట్టీ. బ్యాంకుకు ఆదివారం సెలవు ఉండొచ్చు. నదికి సెలవు ఉందా? ఆదివారం, పండగ, వేసవి సెలవులు... ఈ మూడు రోజుల్లో పెద్దాఫీసరు ఘాటు మీద లేకపోతే, మిగిలిన రోజుల్లో వచ్చి చేసేదేముంది?

పోయినేడు బాసీ ఈద్ నాడు ఒక జలాశయం దగ్గరికి చుట్టాలతో పోయాం. ఊరి పేరు రాయను, ఇలాంటివి చాలా ఉన్నాయి. జెట్టీ మీద లైఫ్ జాకెట్లు ఒక మూల కుప్ప పోసి ఉన్నాయి. సగానికి బకిల్స్ లేవు. "ఇక్కడ ఇన్‌ఛార్జ్ ఎవరు భాయ్?" అని టికెట్ అబ్బాయిని అడిగాను. ఖలాసీ వైపు చూపించాడు. ఖలాసీ ఆఫీసు వైపు చూపించాడు. ఆఫీసుకు తాళం. తలుపు పక్కన గోడ మీద "పర్యవేక్షకుని పేరు, ఫోన్ నంబరు" అని నీట్‌గా పెయింట్ చేసి ఉంది. దాని ఎదురుగా ఖాళీ. పేరు రాయడానికి మనిషే లేనప్పుడు నంబరు ఎక్కణ్నుంచి వస్తుంది? మేం ఎక్కలేదు. పిల్లలు ఏడ్చారు. మా వెనక క్యూలో ఉన్నవాళ్లు ఎక్కారు. ఆ రోజు ఏమీ కాలేదు, అల్లా మేహర్బానీ. ఏమీ కాని ఇలాంటి రోజులు కలిసే గఫ్లత్ ఒక అలవాటుగా మారుతుంది.

"సర్కారే నడిపితే ఈ ముసీబత్ ఉండదు" అంటారు కొందరు దోస్తులు. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో మునిగిన జలకన్యక కేరళ పర్యాటక సంస్థదే, సర్కారీ బోటే. 45 మంది చనిపోయారు. "ప్రైవేటుకు ఇస్తే జవాబ్‌దారీ వస్తుంది" అంటారు ఇంకొందరు. 2024 జనవరి 18న వడోదరా హర్ణీ చెరువులో 12 మంది స్కూలు పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. అక్కడ మునిసిపాలిటీ చెరువును కాంట్రాక్టుకు ఇచ్చింది. 14 మంది పట్టే బోటులో దాదాపు రెట్టింపు మందిని ఎక్కించారు. చాలామంది పిల్లలకు లైఫ్ జాకెట్ లేదు. గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. సర్కారీ అయినా ప్రైవేటు అయినా జరిగింది ఒకటే. బోటు ఎవరిదన్న సవాల్ తర్వాత. రేవు ఎవరి చేతిలో ఉందన్నది ముందు సవాల్.

"కంట్రోల్ రూములు పెట్టారు కదా?" అనొచ్చు. పెట్టారు. కచ్చులూరు తర్వాత, 2019 నవంబరులో ఆంధ్రలో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములకు శంకుస్థాపన జరిగింది. తహసీల్దారును పెద్దగా పెడతామన్నారు. కాగితం మీద బాగుంది. కానీ తహసీల్దారు పని మనకు తెలియనిదా? పట్టాదారు పాసుపుస్తకాలు, కుల సర్టిఫికెట్లు, ఎన్నికల జాబితాలు, భూమి తగాదాలు, ప్రోటోకాల్. ఈ బోఝా అంతా మోస్తున్న మనిషి నెత్తి మీద ఇంకొకటి పెడితే దాన్ని జిమ్మేదారీ అనరు, ఖానాపూర్తి అంటారు. కంట్రోల్ రూము అంటే గది. గది "ఆగు" అనదు. మనిషి అంటాడు.

"కానూన్ ఉంది కదా?" అదీ ఉంది. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో లోతట్టు జలయానాలకు కొత్త చట్టం తెచ్చారు. బోటు రిజిస్ట్రేషన్, సర్వే, నడిపేవాళ్లకు యోగ్యతా సర్టిఫికెట్, అన్నీ అందులో ఉన్నాయి. కానీ సర్వే సర్టిఫికెట్ చెప్పేది సర్వే చేసిన రోజు సంగతి. ఈ రోజు అసర్ తర్వాత ఆ బోటులో ఎంతమంది ఎక్కారో అది చెప్పదు. పై డెక్ మీద ఫోటోల కోసం అందరూ ఒకే పక్కకు వచ్చారా? కింద నీళ్లు చేరాయా? ఎగువ నుంచి నీళ్లు వదిలారా? ఇవన్నీ గంట గంటకూ మారే సంగతులు. వాటికి గంట గంటకూ చూసే కళ్లు కావాలి.

సరే, ఆ షాబందర్ వచ్చాడనుకుందాం. అతని రోజు ఎలా ఉండాలి?

ఫజర్ తర్వాత, మొదటి టికెట్ తెగకముందే అతను జెట్టీ మీద ఉండాలి. ప్రతి బోటు అడుగునా నీళ్లు చేరాయేమో చూడాలి. ఇంజన్, స్టీరింగ్, డీజిల్, నిప్పు ఆర్పే సిలిండర్, విసిరే రింగు, తాడు, అన్నీ చేత్తో ముట్టి చూడాలి. జాకెట్లు లెక్కపెట్టాలి. బకిల్ విరిగినదాన్ని కత్తిరించి పారెయ్యాలి, మూల పడేస్తే మళ్లీ ఎవరో ఒక బచ్చాకు తొడుగుతారు. పిల్లల సైజు జాకెట్లు వేరే ఉండాలి. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లకు తొడిగితే నీళ్లలో తల మీంచి జారిపోతుంది. అది హిఫాజత్ కాదు, ధోకా.

తర్వాత ఫోన్లు. వాతావరణం ఎలా ఉంది, గాలి ఎంత, పైన డ్యామ్ నుంచి నీళ్లు వదులుతున్నారా. ఈ జవాబులు రిజిస్టర్‌లో టైముతో సహా రాయాలి. తర్వాత స్టాఫ్ హాజరీ. సరంగు రాత్రి నిద్రపోయాడా, తాగి వచ్చాడా, జ్వరం ఉందా? మొహం చూసి కనిపెట్టగలగాలి. బాగా లేనివాణ్ని ఇజ్జత్‌గా ఇంటికి పంపాలి, వేరేవాణ్ని పెట్టాలి. వేరేవాడు లేకపోతే ఆ రోజు ఆ బోటు కట్టేసి ఉంచాలి.

పగలంతా అతని పని లెక్కే. ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు. పోయిన లెక్క, వచ్చిన లెక్క కలవాలి. గోద్‌లో ఉన్న పసిబిడ్డ కూడా ఒక మనిషే, లెక్కలోకి రావాలి. బోటు ఎంత మందికో ఆ నంబరు బోటు పక్కన పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో రాసి ఉండాలి. అప్పుడు మా ఇంటి దాదీమా కూడా చదివి అడగగలదు. రెస్క్యూ బోటు ఒకటి డీజిల్‌తో, మనిషితో సిద్ధంగా ఉండాలి. రద్దీ ఉందని దాన్ని కూడా సవారీకి పంపడం అంటే అంబులెన్స్‌ను పెళ్లి బరాత్‌కు పంపడమే.

అన్నిటికంటే కఠినమైన ఘడియ అసర్ నుంచి మగ్రిబ్ దాకా. ఎండ తగ్గుతుంది, జనం పెరుగుతారు, స్టాఫ్ అలసిపోతారు, కౌంటర్ దగ్గర గోల, "ఆఖరి ట్రిప్ భాయ్, ఒక్కటే ట్రిప్" అని బతిమాలటం. తానూర్ ఈ ఘడియ దాటాకే జరిగింది. ఈ వేళలో షాబందర్ ఘాటు మీద లేకపోతే పొద్దున్న చేసినదంతా బేకార్. సూర్యుడు దిగాక తాడు విప్పకూడదు, అంతే. మంత్రిగారి బావమరిది వచ్చినా అంతే.

ఇదంతా చెయ్యాలంటే ఆ మనిషికి రెండు హక్కులు కావాలి. ఒకటి, అతని తన్ఖా టికెట్ల అమ్మకంతో ముడిపడకూడదు. ఎక్కువ మంది ఎక్కితే కమీషన్ వచ్చేవాడు "చాలు" అని ఎలా అంటాడు? రెండు, అతను బోటు ఆపితే ఆ రోజే బదిలీ చెయ్యకూడదు. ఆపిన కారణం రాతలో ఉంటే చాలు, అతని కుర్చీ భద్రం. ఈ రెండూ లేకుండా పెట్టే సూపర్‌వైజర్, ప్రమాదం జరిగాక జైలుకు పంపడానికి పెట్టుకున్న బక్రా.

ఇక కిందివాళ్ల మాట. ఘాట్ల మీద చాలా చోట్ల కనిపించేది రోజు కూలీ కుర్రాళ్లు. పొద్దున్న వచ్చి చీకటి పడ్డాక పోతారు. పండగ రోజుల్లో వాళ్లకు భోజనానికి కూడా తీరిక దొరకదు. మన మొహల్లా పిల్లలూ వాళ్లలో ఉన్నారు, చేపలు పట్టే కులాల పిల్లలూ ఉన్నారు, గిరిజన గూడేల పిల్లలూ ఉన్నారు. బోటు మునిగితే అందరికంటే ముందు నీళ్లలోకి దూకేది వాళ్లే, అందరికంటే ముందు గాలీలు తినేదీ వాళ్లే. సరంగుకు తెలుసు, మంది ఎక్కువయ్యారని. ఖలాసీకి తెలుసు, ఇంజన్ శబ్దం మారిందని. నోరు తెరిస్తే రేపు పని ఉండదు. భయంతో మూసుకున్న నోరు చిల్లుపడ్డ పడవకంటే ఖతర్నాక్. అందుకే నెల జీతం, వారానికో సెలవు, ఎనిమిది గంటల డ్యూటీ, ఈతలోనూ ప్రాణం కాపాడటంలోనూ తర్బియత్, బీమా. ఇవి వాళ్ల మీద ఎవరో చేసే ఎహసాన్ కాదు, మన పిల్లల ప్రాణాలకు కట్టే కంచె. పనివాళ్లకు వేళకు అన్నం పెట్టించడం, నీడలో గంట కూర్చోబెట్టడం కూడా షాబందర్ డ్యూటీలో భాగమే.

"ఇంత ఖర్చు ఎవరు పెడతారు?" అని సవాల్ వస్తుంది. ఘాటుకు ఒక మనిషి, అతను లేనప్పుడు ఇంకో మనిషి. ఇద్దరి జీతం. ఒక్క ప్రమాదం తర్వాత ఇచ్చే ఎక్స్‌గ్రేషియా, హెలికాప్టర్లు, గజ ఈతగాళ్లు, కమిటీ బత్తాలు కలిపి చూడండి, ఎన్నేళ్ల జీతానికి సమానమో మీకే తెలుస్తుంది. చనిపోయాక ఇవ్వడానికి ఖజానా తెరుచుకుంటుంది, బతికించడానికి మాత్రం తంగీ. ఇది ఎక్కడి ఇన్సాఫ్?

ఇక మన ఇళ్ల సంగతి. హుకూమత్‌ను నాలుగు మాటలు అని మనం బేఫికర్‌గా కూర్చుంటే కుదరదు. "భాయ్, బోటు నిండిపోయింది" అని ఆ కుర్రాడు అన్నప్పుడు "అరే, ఛోటా బచ్చా హై, గోద్‌లో కూర్చోబెట్టుకుంటాం" అనేది ఎవరు? జాకెట్ ఇస్తే "వాసన వస్తోంది, ఫోటోలో బాగుండదు" అని పక్కన పెట్టేది ఎవరు? బురఖా మీద జాకెట్ ఎలా వేసుకోవాలి అని ఆడవాళ్లు సిగ్గుపడితే, "వద్దులే" అనే మగవాళ్లు లేరా? బురఖా మీదే వేసుకోవచ్చు, బెల్టు గట్టిగా బిగించుకోవాలి. దాంట్లో బేపర్దా ఏమీ లేదు. చూపించేది ఒక ఖలాసీ బెహన్ అయితే ఇంకా మంచిది. ఘాట్ల మీద ఆడవాళ్లకు కూడా ఉద్యోగాలు ఇవ్వాలని అడగడానికి ఇదీ ఒక కారణం.

తక్దీర్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఒంటె కాలు కట్టాకే తవక్కుల్ అని మన ఇళ్లలో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. కట్టని ఒంటె పారిపోతే అది తక్దీర్ ఖాతాలో రాయడం అల్లా మీద నింద వెయ్యడమే. పిల్లలు మన చేతుల్లో అమానత్. ఆ అమానత్‌ను కాసేపు ఘాటువాళ్ల చేతుల్లో పెడుతున్నాం. ఎవరి చేతుల్లో పెడుతున్నామో పేరు అడగడం మన హక్కు, మన ఫర్జ్ కూడా.

అందుకే ఈసారి ఈద్‌కు హుస్సేన్ సాగర్‌కు పోయినా, నాగార్జునసాగర్ లాంచీ స్టేషన్‌కు పోయినా, భవానీ ద్వీపానికి పోయినా, పాపికొండలకు పోయినా, టికెట్ కొనేముందు మూడు సవాళ్లు అడగండి. ఈ రోజు ఇక్కడ జిమ్మేదార్ ఎవరు, పేరేంటి? ఈ బోటు ఎంత మందికి, ఇప్పటికి ఎంతమంది ఎక్కారు? రెస్క్యూ బోటు ఏది? మూడింట్లో ఒక్కదానికి జవాబు రాకపోయినా పిల్లల్ని తీసుకుని వెనక్కి రండి. ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి, గట్టు మీద కూర్చుని నీళ్లు చూపించండి.

ఊరికే రావద్దు. కలెక్టర్‌కు అర్జీ పెట్టండి. మీ మస్జిద్ కమిటీ పేరున, మీ మొహల్లా మహిళల పేరున, పక్క వీధి హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగుతో కలిసి పెట్టండి. నీళ్లు మజహబ్ అడిగి ముంచవు. అర్జీలో పెద్ద పెద్ద మాటలు వద్దు. ఒక్క లైను చాలు: "మా ఘాటుకు ఆదివారం కూడా ఉండే పర్యవేక్షకుణ్ని నియమించండి, అతని పేరు గోడ మీద రాయండి."

ఆ గోడ మీద పేరు కనిపించే దాకా అర్జీ మీద అర్జీ పెడుతూనే ఉండండి.